డాష్‌బోర్డ్ లెదర్‌కి బుడగలు వచ్చాయా? సూది పెట్టే ముందు ఇది చదవండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: "అన్నా, మాది హన్మకొండ. సెకండ్ హ్యాండ్‌లో కారు కొన్నాక రెండేళ్ల కింద డాష్‌బోర్డ్‌కి బయట షాపులో లెదర్ వేయించిన. ఈ ఎండాకాలం ప్యాసింజర్ వైపు పైన రెండు మూడు బుగ్గలు లేచినయి. మీటర్ పక్కన వంపులో ఒకటి పొడుగ్గా లేచింది. సిరంజితో గమ్ ఎక్కిస్తే అయిపోతదని ఒకాయన, మొత్తం పీకి కొత్తది వెయ్యాలని ఇంకొకాయన అంటున్నరు. ఏది చెయ్యాలి?"

జవాబు ముందే చెప్తాను. రూపాయి బిళ్లంత బుడగ ఒకటో రెండో ఉంటే వేడి చేసి ఒత్తితే చాలాసార్లు కూర్చుంటుంది, అది ఇంట్లోనే చేసుకోవచ్చు. అరచేతి వెడల్పు దాటిందంటే సిరంజితో లాభం లేదు. అంచు నుంచి లెదర్ లేపి, పాత గమ్ తీసేసి మళ్లీ అంటించాలి. వంపులో పొడుగ్గా లేచినదానికి గమ్ ఎంత పోసినా నిలవదు, దాని కథ వేరు, కింద రాస్తున్నాను. ప్యాసింజర్ వైపు పైభాగంలో ఉన్న బుడగలు ఎయిర్‌బ్యాగ్ మూత మీద గనక ఉంటే, వాటి మీద సూది, గమ్, బ్లేడు, హీట్ గన్ ఏదీ పెట్టకండి. మీకు సలహా ఇచ్చిన ఇద్దరిలో ఎవరూ ఈ మాట ఎత్తలేదు కాబట్టి ముందు దాని గురించే రాస్తాను.

నేను వరంగల్‌లో చాలా ఏళ్లుగా కార్ల సీట్లు, రూఫ్ లైనింగ్, డాష్‌బోర్డ్ పని చేస్తున్నాను. హన్మకొండ, కాజీపేట కార్లతో పాటు భూపాలపల్లి, మంచిర్యాల, రామగుండం వైపు నుంచి కూడా వస్తాయి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా నా దగ్గరికి వచ్చే డాష్‌బోర్డ్ పనిలో ఎక్కువ భాగం ఈ బుడగలే.

ఎయిర్‌బ్యాగ్ సంగతి

2021 ఏప్రిల్ నుంచి మన దేశంలో కొత్తగా వచ్చే కారు మోడళ్లకు డ్రైవర్ పక్క సీటుకి కూడా ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయింది. అంతకుముందు కార్లలో కూడా పై వేరియంట్లలో ఉండేది. కాబట్టి మీ కారు పాతదైనా లేదని అనుకోవద్దు. డాష్ మీద ఎయిర్‌బ్యాగ్ అనే అక్షరాలు మామూలుగా అచ్చులోనే పడి ఉంటాయి. లెదర్ చుట్టాక అవి కింద దాగిపోతాయి. అలాంటప్పుడు ప్యాసింజర్ వైపు సన్ వైజర్ మీద హెచ్చరిక స్టిక్కర్ చూడండి, ఓనర్స్ మాన్యువల్ చూడండి. కొన్ని కార్లలో మూత విడిగా, చుట్టూ సన్నని సందుతో కనపడుతుంది. ఇంకొన్నింటిలో పైనుంచి అసలు ఏమీ కనపడదు. ప్లాస్టిక్‌ని వెనక వైపు నుంచి ఒక గీత పొడవునా పలచగా చేసి ఉంచుతారు. ఎయిర్‌బ్యాగ్ పేలినప్పుడు ఆ గీత దగ్గరే చీలాలి.

ఆ చీలడం, సంచి నిండడం అంతా సెకనులో ఇరవయ్యో వంతు సమయంలో జరిగిపోతుంది. దాని మీద లెదర్‌ని గట్టిగా అంటించి, సందులో కూడా గమ్ నింపితే మూత తెరుచుకోవడం ఆలస్యం కావచ్చు, లేదా పక్కకు తెరుచుకుని సంచి దారి తప్పవచ్చు. మూత ముక్కలు మనిషి మీదికి ఎగరవచ్చు కూడా. సిరంజితో ఎక్కించిన గమ్ మనం అనుకున్న చోటే ఆగదు. ఒత్తినప్పుడు అది దారి దొరికిన వైపు పాకుతుంది, ఆ దారి చాలాసార్లు మూత సందే అవుతుంది.

కరీంనగర్ నుంచి వచ్చిన ఒక కారులో లెదర్ విప్పి చూస్తే, అందం కోసం సరిగ్గా మూత అంచు మీదుగా లావుపాటి నైలాన్ దారంతో డబుల్ కుట్టు వేసి ఉంది. సీటు కింద వేసే దారం అది, చేత్తో లాగితే తెగదు. ముందు సీట్లో ఆ కారు ఓనరు భార్య పాపను ఒళ్లో పెట్టుకుని కూర్చునేవారట. (ఎయిర్‌బ్యాగ్ ఉన్న సీట్లో పిల్లల్ని ఒళ్లో పెట్టుకోవడం అంతకంటే ప్రమాదం, అది కూడా ఆయనకు చెప్పాను.) కంపెనీలో లెదర్ వేసే కార్లకు ఆ చోట తేలిగ్గా తెగే ప్రత్యేకమైన దారం, ముందే పలచన చేసిన లెదర్ వాడతారు. బయటి షాపుల్లో ఆ ఏర్పాటు దాదాపు ఉండదు.

అందుకని నా పద్ధతి ఒక్కటే. మూత మీద బుడగ ఉంటే దాన్ని బాగు చెయ్యను. బ్యాటరీ నెగటివ్ తీసి, మాన్యువల్‌లో చెప్పినంత సేపు ఆగి, ఎయిర్‌బ్యాగ్ పని తెలిసిన మెకానిక్‌తో మాడ్యూల్ (సంచి ఉండే పెట్టె) విప్పించి, మూత మీది లెదర్ పూర్తిగా తీసేస్తాను. మూత అసలు రూపంలోనే ఉంటుంది, చుట్టూ లెదర్ మూత అంచు దాకా వచ్చి ఆగుతుంది. చూడ్డానికి రెండు రంగులుగా ఉంటుందని కొందరు ఒప్పుకోరు. ఒప్పుకోనివాళ్ల పని నేను తీసుకోను.

ఇక అసలు బుడగ ఎందుకు వస్తుందంటే

లెదర్ దానంతట అది ఉబ్బదు. కింద గమ్ పట్టు వదిలింది కాబట్టి పైకి లేచింది. పట్టు ఎందుకు వదిలిందో తెలుసుకోకుండా ఏం చేసినా మళ్లీ వచ్చే ఎండాకాలానికి అదే చోట లేస్తుంది.

మన దగ్గర మొదటి కారణం ఎండే. రామగుండం, మంచిర్యాల వైపు మే నెలలో నీడలోనే 44, 45 డిగ్రీలు మామూలు. అద్దాలన్నీ మూసి ఎండలో పెట్టిన కారు డాష్‌బోర్డ్ మీద నా టెంపరేచర్ గన్ పెడితే 75, 80 చూపించిన రోజులున్నాయి. సోఫాలకి, మామూలు రెక్సిన్ పనికి వాడే గమ్ 60, 70 దగ్గరే మెత్తబడడం మొదలవుతుంది. గమ్ మెత్తబడిన సమయంలోనే కింద చిక్కుకున్న గాలి వేడికి వ్యాకోచించి పైకి తోస్తుంది. సాయంత్రం చల్లబడ్డాక గమ్ మళ్లీ గట్టిపడుతుంది కానీ అప్పటికే లెదర్ నుంచి విడిపోయి ఉంటుంది. రోజూ ఇదే జరిగితే చిన్న బొబ్బ కాస్తా అరచేతంత అవుతుంది.

రెండో కారణం తొందర. ఇది షాపువాళ్ల తప్పు. ఈ రకం గమ్‌ని రెండు వైపులా రాసి, అందులోని సాల్వెంట్ (గమ్‌ని పలచగా ఉంచే, గాలికి ఆవిరయ్యే ద్రవం) ఎగిరిపోయేదాకా ఆగాలి. పంక్చర్ వేసేవాళ్లు ట్యూబుకి సొల్యూషన్ రాసి, ఆరేదాకా ఆగి ఆ తర్వాతే ప్యాచ్ వేస్తారు చూడండి, సరిగ్గా అదే సూత్రం. తడిగా ఉన్నప్పుడే అంటిస్తే సాల్వెంట్ లోపల చిక్కుకుంటుంది. అది లెదర్‌లోంచీ బయటకు రాలేదు, ప్లాస్టిక్‌లోంచీ రాలేదు. మొదటి ఎండకి ఆవిరై బుడగ లేపుతుంది. లెదర్ వేయించిన నెలా రెండు నెలల్లోనే బుడగ వచ్చిందంటే నేను ముందు దీన్నే అనుమానిస్తాను. మీకు రెండేళ్ల తర్వాత వచ్చింది కాబట్టి ఇది కాకపోవచ్చు.

మూడోది చాలామందికి తెలియనిది. డాష్‌బోర్డ్ ప్లాస్టిక్ అన్ని కార్లలో ఒకటి కాదు. గ్లవ్ బాక్స్ తెరిచి లోపలి వైపు గానీ, విప్పిన ఏ ముక్క వెనకైనా గానీ చూస్తే రెండు బాణం గుర్తుల మధ్య ఇంగ్లిషు అక్షరాలు అచ్చు వేసి ఉంటాయి. ఏబీఎస్ (ఒక రకం ప్లాస్టిక్) అని ఉంటే గమ్ బాగా పడుతుంది. పీపీ అని మొదలైతే అది పాలీప్రొపిలీన్, దాని వెంట టీ20 లాంటిది ఉంటే అందులో 20 శాతం టాల్క్ పొడి కలిపారని అర్థం. ఈ పాలీప్రొపిలీన్‌కి ఏ మామూలు గమ్మూ తిన్నగా అంటుకోదు. పైన నీటి చుక్క వేస్తే పరుచుకోకుండా గుండ్రంగా నిలబడుతుంది, గమ్ పరిస్థితీ అంతే. ముందు సన్న గరుకు కాగితంతో రుద్ది, పీపీ ప్రైమర్ (గమ్ పట్టేలా ముందు వేసే పూత) రాసి, ఆరాక గమ్ రాయాలి. ఈ ప్రైమర్ పెయింట్ షాపుల్లో బంపర్ ప్రైమర్ పక్కనే దొరుకుతుంది. చాలా షాపుల్లో ఈ మెట్టు ఎగ్గొడతారు. ఇలాంటి డాష్‌ల మీద లెదర్ లేపితే గమ్ పొర మొత్తం లెదర్ వెంటే వచ్చేస్తుంది, ప్లాస్టిక్ నున్నగా, కొత్తదానిలా మిగులుతుంది. ఆ గుర్తు కనపడిందంటే కారణం ఇంకెక్కడా వెతకక్కర్లేదు.

నాలుగోది పాలిష్. వాటర్ సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడల్లా డాష్‌బోర్డ్ మీద మెరుపు కోసం కొట్టే ద్రవంలో చాలావరకు సిలికాన్ నూనె ఉంటుంది. అది కుట్టు రంధ్రాల్లోంచి, అంచుల్లోంచి లోపలికి దిగుతుంది. లెదర్ చుట్టేముందు ప్లాస్టిక్ మీద సిలికాన్ ఉంటే ఇక చెప్పేదే లేదు. హన్మకొండలో ఒక డాక్టరు గారి కారుకి రెండు షాపుల్లో రెండుసార్లు లెదర్ మార్చినా బుడగలు ఆగలేదు. నా దగ్గరికి వచ్చినప్పుడు లెదర్ లేపి తెల్ల గుడ్డని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి తుడిస్తే, ఎన్నిసార్లు తుడిచినా గుడ్డ జిడ్డుగానే వస్తోంది. ఆ డాష్‌ని సిలికాన్ తీసే క్లీనర్‌తో కడిగి, గరుకు పెట్టి, ప్రైమర్ వేశాకే గమ్ పట్టింది.

మీ బుడగ ఏ రకమో ఇలా చూడండి

పొద్దున్నే, కారు చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, మధ్యాహ్నం ఎండలో నిలిపాక ఒకసారి చూడండి. పొద్దున అణిగి మధ్యాహ్నం ఉబ్బితే లోపల గాలే, గమ్ పట్టు వదిలింది. వేలితో నొక్కితే గాలి ఒక పక్క నుంచి ఇంకో పక్కకి జరుగుతుంది.

పొద్దున, మధ్యాహ్నం ఒకేలా ఉండి, నొక్కితే అణిగి, వదలగానే మళ్లీ అదే ఆకారానికి వస్తుంటే లెదర్ సాగిపోయి ఉంది, లేదా బిగుతుగా ఉండి లాగుతోంది. నొక్కితే లోపల ఇసుకలా గరగరమంటే లెదర్ కింద వేసిన ఫోమ్ పొడి అయిపోయింది. పలచని ఫోమ్ ఎండకి నాలుగైదేళ్లలో పొడి కావడం నేను చాలా చూశాను. అప్పుడు సిరంజి గమ్‌తో బుడగ అణిగినా అక్కడ గట్టి దిమ్మ తయారవుతుంది, చెయ్యి పెడితే తెలిసిపోతుంది. ఫోమ్ మార్చడమే దారి.

ఇంకో విషయం, మీది నిజమైన లెదరా, లెదరెట్టా (లెదర్‌లా కనపడే రెక్సిన్) చూసుకోండి. బయట షాపుల్లో లెదర్ అని వేసేది నూటికి ఎక్కువ భాగం పీయూ లేదా పీవీసీ రెక్సినే. గ్లవ్ బాక్స్ వైపో, డోర్ తెరిచినప్పుడు డాష్ పక్కనో మడిచిన అంచు కొంచెం లేపి వెనక చూడండి. అల్లిన గుడ్డ కనపడితే లెదరెట్. పీచుపీచుగా, స్వెడ్‌లా ఉంటే తోలు. వేడి విషయంలో తేడా ఉంది. పీవీసీకి వేడి ఎక్కువైతే మెరుపు వచ్చేస్తుంది, గ్రెయిన్ (పైన ఉండే తోలులాంటి సన్న గీతలు) చెరిగిపోతుంది, అది మళ్లీ రాదు. తోలు తడిగా ఉన్నప్పుడు గట్టి వేడి తగిలితే ముడుచుకుని గట్టిపడుతుంది.

కంపెనీ నుంచే మెత్తగా వచ్చిన డాష్ అయితే అందులో గుడ్డ ఉండదు. పైతొడుగు, దాని కింద పోసిన ఫోమ్, దాని కింద ప్లాస్టిక్ మూడూ ఒకే ముక్క. దాన్ని అంచు నుంచి లేపడం కుదరదు. కారు వారంటీలో ఉంటే ముందు షోరూమ్‌లో కంప్లయింట్ రాయించండి. మీరు హీట్ గన్ పెట్టిన మచ్చ కనపడితే వాళ్లు వారంటీ ఇవ్వకపోవడానికి కారణం మీరే ఇచ్చినట్టు అవుతుంది.

చిన్న బుడగకి ఇంట్లో చేసే పద్ధతి

ఎయిర్‌బ్యాగ్ మూతకి బాగా దూరంగా, రూపాయి బిళ్లంత ఉన్నదానికే ఇది. పొద్దున్నే నీడలో చెయ్యండి. ముందు షాంపూ చుక్క కలిపిన నీళ్లలో గుడ్డ ముంచి, గట్టిగా పిండి తుడవండి, పూర్తిగా ఆరనివ్వండి. హెయిర్ డ్రయ్యర్ చాలు, హీట్ గన్ వద్దు. జానెడు దూరం నుంచి, ఒకేచోట ఆపకుండా తిప్పుతూ వేడి చెయ్యండి. అరచేయి ఆనిస్తే నాలుగైదు సెకన్లు ఓర్చుకోగలగాలి. అంతకంటే వేడి అక్కర్లేదు. ఆ వేడిలో కింది గమ్ మళ్లీ జిగటగా అవుతుంది.

వెంటనే మెత్తటి గుడ్డ చుట్టిన చిన్న రోలర్‌తో, లేకపోతే చెంచా వెనక భాగంతో, బుడగ మధ్య నుంచి దగ్గర్లో ఉన్న అంచు వైపో, కుట్టు వైపో నెట్టండి. గాలికి బయటకు పోయే దారి ఉండాలి, చుట్టూ తిప్పి నొక్కితే అక్కడే ఉంటుంది. తర్వాత ఆ చోట మడిచిన గుడ్డ, దాని మీద ఇసుక నింపిన చిన్న సంచి పెట్టి చల్లారేదాకా వదిలెయ్యండి. వేడిగా ఉండగా ఒత్తడం అందరూ చేస్తారు, చల్లారేదాకా బరువు ఉంచడమే చాలామంది మరిచిపోతారు. గమ్ పట్టేది చల్లబడేటప్పుడే.

మూడు నాలుగు రోజుల ఎండ తర్వాత కూడా లేవకపోతే పని అయిపోయినట్టే. మళ్లీ లేస్తే అప్పుడు సిరంజి. ఇన్సులిన్ సూది మరీ సన్నం, చిక్కటి గమ్ రాదు. మెడికల్ షాపులో ఇంకొంచెం లావు సూది అడగండి. గ్రెయిన్ గీతలోనో, కుట్టు రంధ్రంలోనో, దాదాపు పడుకోబెట్టినట్టు గుచ్చండి. బుడగకి అవతలి చివర ఇంకో రంధ్రం పెట్టాలి, లేకపోతే గాలి ఎటు పోతుంది? నీళ్లతో చేసిన పీయూ లెదర్ గమ్, రెండు మూడు చుక్కలు మించి వద్దు. ఒత్తినప్పుడు బయటకు వచ్చినదాన్ని వెంటనే తడిగుడ్డతో తుడవాలి. బరువు రాత్రంతా ఉంచండి, ఆ తర్వాత రెండు రోజులు కారుని ఎండలో పెట్టకండి.

సిరంజిలోకి సాల్వెంట్ గమ్ ఎక్కించొద్దు. పైన చెప్పినట్టు సాల్వెంట్ లోపలే చిక్కుకుని కొత్త బుడగ లేపుతుంది, కొన్ని రకాల లెదరెట్‌ని లోపల నుంచే కరిగించి ముడతలు పెడుతుంది. ఫెవిక్విక్ లాంటి ఇన్‌స్టంట్ గమ్ అసలు వద్దు. అది గాజులా గట్టిపడి, ఎండకి పెళుసై, నొక్కితే టక్కున విరుగుతుంది, చుట్టూ తెల్లటి పొగమచ్చ వదులుతుంది. ఆ మచ్చతో వచ్చిన డాష్‌లకి ఆ ముక్క మార్చడం తప్ప నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది. ఇస్త్రీపెట్టె పెట్టిన వాళ్లూ ఉన్నారు, దయచేసి అది చెయ్యకండి.

పెద్ద బుడగకి షాపులో జరగాల్సింది

ఇక్కడ మీరు చెయ్యాల్సింది దగ్గరుండి చూడడమే, అందుకే ఏం జరగాలో చెప్తున్నాను. వీలైతే ఆ ప్యానెల్‌ని కారులోంచి బయటకు తీసి చెయ్యాలి. పై ముక్క విడిగా వచ్చే కార్లున్నాయి, వాటికి ఒక పూట పని. డాష్ మొత్తం దింపాల్సిన కార్లయితే స్టీరింగ్, మీటర్, ఏసీ వెంట్లు అన్నీ విప్పాలి. ఖర్చులో ఎక్కువ భాగం ఆ విప్పి బిగించే కూలీకే పోతుంది, తర్వాత కిర్రుకిర్రు శబ్దాలు రాకుండా బిగించే చెయ్యి కూడా కావాలి.

లెదర్ లేపాక పాత గమ్ పొర పూర్తిగా తీయాలి. పాతదాని మీదే కొత్తది రాస్తే కింది పొర వదిలినప్పుడు రెండూ కలిసి లేస్తాయి. గమ్ డబ్బా మీద ఎన్ని డిగ్రీల వేడి తట్టుకుంటుందో రాసి ఉంటుంది, కనీసం 90 ఉన్నది తెప్పించండి. దొరక్కపోతే హైదరాబాద్ నుంచి తెప్పించుకోవచ్చు, రెండు రోజులు ఆగినా నష్టం లేదు. రెండు వైపులా పలచగా, సమానంగా రాయాలి. వేలి వెనక భాగంతో తాకితే జిగటగా అనిపించాలి కానీ వేలికి అంటుకోకూడదు, అదీ అంటించే సమయం. మామూలుగా పది, పదిహేను నిమిషాలు పడుతుంది.

ఈ పదిహేను నిమిషాల లెక్క మన వాతావరణంలో అన్ని నెలలకీ కుదరదు. మే నెల మధ్యాహ్నం పైపొర నిమిషాల్లో ఆరినట్టు కనపడుతుంది, లోపల తడి అలాగే ఉంటుంది. జులై, ఆగస్టులో వాన పడుతుండగా రాస్తే సాల్వెంట్ ఆవిరయ్యేటప్పుడు ఆ చోటు చల్లబడి గాలిలో తేమ గమ్ మీద పేరుకుంటుంది, పైన సన్నటి తెల్లపొర కనపడుతుంది. దాని మీద అంటిస్తే పట్టదు. నేను వానాకాలంలో డాష్ పని చేసినా, ముసురు పట్టిన రోజు గమ్ డబ్బా తెరవను. కస్టమర్ తొందర పెట్టినా సరే.

ఇంకో జాగ్రత్త. ఈ గమ్‌ల సాల్వెంట్ తొందరగా అంటుకుంటుంది, పీలిస్తే తల తిరుగుతుంది. కారులోనే పని చేస్తుంటే నాలుగు డోర్లూ తీసి ఉండాలి, గమ్ రాసిన వెంటనే హీట్ గన్ ఆన్ చెయ్యకూడదు, పక్కన ఎవరూ సిగరెట్ వెలిగించకూడదు. మూసిన కారులో కూర్చుని గమ్ రాసే కుర్రాళ్లని చూస్తే నాకు నిజంగా భయం వేస్తుంది.

మీటర్ పక్క వంపులో లేచినది

ఇది బుడగలా కనపడుతుంది కానీ బుడగ కాదు. లోపలికి వంగిన చోట లెదర్‌ని రెండు వైపుల నుంచి లాగి అంటిస్తే, అది ఎప్పుడూ వంపులోంచి లేచి తిన్నగా సాగాలని చూస్తుంది. నిజమైన తోలు అయితే ఎండకి తేమ పోయి ఇంకాస్త ముడుచుకుంటుంది, లాగుడు పెరుగుతుంది. గమ్ మెత్తబడిన రోజున గెలిచేది ఆ లాగుడే. గమ్ ఎక్కించి, బరువు పెట్టి వారం కూర్చోబెట్టినా ఎండలోకి వెళ్లగానే లేస్తుంది.

దీనికి సరైన పని, ఆ వంపు లోతులో కుట్టు వచ్చేలా లెదర్‌ని రెండు ముక్కలుగా కోసి కుట్టి అంటించడం. కుట్టు మడత వంపులో కూర్చుంటుంది, ఎటు నుంచీ లాగుడు ఉండదు. కంపెనీ నుంచి లెదర్‌తో వచ్చే కార్లలో కూడా కుట్లు చాలావరకు ఆకారం మారే చోటే ఉంటాయి, గమనించండి. అతుకు లేకుండా ఒకే ముక్కలో వేస్తామని కొన్ని షాపుల్లో గొప్పగా చెప్తారు. చదునుగా ఉన్న డాష్‌కి సరే కానీ లోతైన వంపులున్న డాష్‌కి ఒకే ముక్క అడగొద్దు. ఆ ఒక్క భాగానికి ముక్క మార్చి కుట్టించుకోవచ్చు, మొత్తం పీకక్కర్లేదు. రంగు కొద్దిగా తేడా రావచ్చు, రెండేళ్ల ఎండకి పాతది కొంచెం వెలిసి ఉంటుంది. అదే రంగు షీటు దొరక్కపోతే కావాలనే వేరే రంగు ముక్క వేసి కుట్టడం నయం, దాదాపు కలిసే రంగు కంటే అదే బాగుంటుంది.

మళ్లీ రాకుండా

ముందు అద్దానికి లోపల సన్ షేడ్ పెట్టండి, వెండి రంగు వైపు బయటకు. రోజూ ఒకేచోట పార్క్ చేసేవాళ్లు మధ్యాహ్నం ఎండ వెనక అద్దం వైపు పడేలా నిలిపితే డాష్‌కి చాలా తేడా వస్తుంది. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి వ్యాపారం చేసే ఒకాయన సీజన్ అంతా కారుని యార్డులో ఎండలోనే ఉంచాలి, వేరే దారి లేదు. ఆయనకి నేను చెప్పింది సన్ షేడ్, ఇంకా డాష్ మీద ముదురు రంగు మందపాటి కాటన్ గుడ్డ, అదీ ఎయిర్‌బ్యాగ్ మూత మీదికి రాకుండా, కారు కదిలే ముందు తీసేసేలా. బుడగలు ఆగాయి. బ్లాక్ ఫిల్మ్ వేయించాలని అడిగేవాళ్లకి నా సమాధానం, ముందు అద్దం నుంచి కనీసం 70 శాతం, పక్క అద్దాల నుంచి 50 శాతం వెలుతురు లోపలికి రావాలని నిబంధన ఉంది. డాష్‌ని కాపాడబోయి చలానా కట్టకండి.

సిలికాన్ పాలిష్ మానెయ్యండి. సర్వీసింగ్‌కి ఇచ్చేటప్పుడే డాష్ మీద ఏమీ కొట్టొద్దని చెప్పండి. తడిగుడ్డ చాలు. నిజమైన తోలు అయితే మూడు నాలుగు నెలలకొకసారి లెదర్ కండిషనర్ పలచగా రాయండి, లెదరెట్‌కి అది అవసరం లేదు. ఎండలో ఉన్న కారు ఎక్కగానే ఏసీ ఫుల్ పెట్టి వెంట్లు డాష్ మీదికి తిప్పే అలవాటు ఉంటే మార్చుకోండి, ముందు రెండు నిమిషాలు అద్దాలు దించి వేడిగాలి పోనివ్వండి. ముందు అద్దం కింద వేడిగాలి వచ్చే సన్నటి వెంట్ ఉంటుంది కదా, దాని అంచు దగ్గర లెదర్ లోపలికి మడిచి ఉందో, అక్కడికక్కడే కోసి వదిలేశారో కూడా చూడండి. మడవని అంచు దగ్గర మొదలైన లేపుడు చాలాసార్లు డాష్ మధ్య దాకా పాకుతుంది.

మీ కారు విషయానికి వస్తే, రేపు పొద్దున ప్యాసింజర్ వైపు మూత ఎక్కడుందో మాన్యువల్‌లో చూసుకుని, దాని చుట్టూ పెయింటర్లు వాడే కాగితం టేపు వెయ్యండి. టేపు లోపల పడిన బుడగలని అలాగే వదిలి ఎయిర్‌బ్యాగ్ తెలిసినవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. టేపు బయట చిన్నవి ఉంటే హెయిర్ డ్రయ్యర్‌తో ప్రయత్నించండి. మీటర్ పక్క వంపుకి ఒక్క ముక్క కుట్టించండి. షాపులో అడగాల్సినవి మూడు: గమ్ ఎన్ని డిగ్రీలు తట్టుకుంటుంది, పీపీ ప్లాస్టిక్ అయితే ప్రైమర్ వేస్తారా, మూత మీద ఏం చేస్తారు. మూడోదానికి "ఏం కాదన్నా, అందరికీ అట్లనే వేస్తున్నం" అనే జవాబు వస్తే కారు తాళం వాళ్ల చేతికి ఇవ్వకండి.